ఇంజను ‘బోరుకొచ్చింది’ అనగానే ట్రాక్టరు అమ్ముకోవాలా?

మా అనంతపురం జిల్లాలో ‘బోరు’ అన్న మాట రైతుకు రెండు దారుల్లో అప్పు తెచ్చిపెడుతుంది. ఒకటి నీళ్ల కోసం పొలంలో వేసే బోరు. రెండోది ట్రాక్టరు దగ్గర నిలబడి మెకానిక్ అనే మాట: ‘ఇంజను బోరుకొచ్చిందన్నా, పెట్టినా దండగే’. మొదటి బోరు గురించి ఈ పత్రికలో మనం ఎన్నోసార్లు రాసుకున్నాం, ధర్నాలూ చేశాం. రెండో దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది ఆ రైతు సొంత కర్మ అన్నట్టు వదిలేస్తున్నాం.

చీనీ తోటలున్న వాళ్లకు చిన్న ట్రాక్టరు విలువ చెప్పనక్కర్లేదు. చెట్ల వరసల మధ్య పెద్ద ట్రాక్టరు తిరిగితే కొమ్మలు విరుగుతాయి, కాయ రాలుతుంది, బరువుకు నేల గట్టిపడుతుంది. పద్దెనిమిది, ఇరవై హార్స్‌పవర్ బండి అయితే కొమ్మల కింద దూరిపోతుంది. గడ్డి దున్నుతుంది, మందు కొట్టే ట్యాంకు లాగుతుంది, కాయలు రోడ్డుకు చేరుస్తుంది. పది పదిహేనేళ్ల కింద కొన్న ఈ బండ్లే ఇప్పుడు మా పల్లెల్లో ఒక్కొక్కటిగా షెడ్డు పడుతున్నాయి. వాటి వెనకే ఎక్స్ఛేంజి మేళాలు వస్తున్నాయి.

మా పక్క మండలంలో ఒక సభ్యుడి సంగతి చెప్తాం. పేరు వద్దన్నాడు. ఆయన దగ్గర మూడు సిలిండర్ల చిన్న ట్రాక్టరు ఉండేది. పొద్దున స్టార్టు కాక సతాయించేది, అయినా తెల్ల పొగ కొట్టేది, ఎగువకు లాగేది కాదు. పట్నంలో ఒక షోరూముకు తీసుకుపోయాడు. అక్కడ బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు పొగ చూసి, బోరుకొచ్చింది అన్నారు. పిస్టన్లు, లైనర్లు, లేత్ పని, కూలి అంతా కలిపి డెబ్బై వేలు చెప్పారు. దానికంటే పాతది ఇచ్చేసి కొత్తది తీసుకో అన్నారు. పాతదానికి అరవై వేలు కట్టారు, మిగతాది ఫైనాన్సు. నాలుగు నెలలకు అదే ట్రాక్టరు ఇంకో ఊర్లో, వేరే రైతు తోటలో దున్నుతూ కనబడింది. లక్షన్నరకు కొన్నానన్నాడు ఆ రైతు. ఇంజనులో ఏం చేశారంటే హెడ్డు విప్పి వాల్వులు రుద్ది, ప్యాకింగ్ మార్చి, నాజిళ్లు సర్వీసు చేశారట. పిస్టన్లు ముట్టుకోనేలేదు. మా సభ్యుడు ఇప్పటికీ ఆరు నెలలకోసారి కంతు కడుతున్నాడు. కిందటి కంతుకు చీనీ కాయ ధర పడిపోయి ఉంటే ఇంట్లో బంగారం కుదువ పెట్టాడు.

షోరూము వాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్ల వ్యాపారం వాళ్లది. మన ఇంజనుకు ఏం జబ్బో మనకు తెలియకపోవడమే వాళ్ల పెట్టుబడి.

అసలు బోరుకు రావడమంటే ఏమిటి? సిలిండరు లోపలి గోడ, పిస్టన్ రింగులు అరిగిపోయి మధ్యలో సందు పడటం. అప్పుడు లోపల నొక్కిన గాలి కిందికి జారిపోతుంది. డీజిల్ ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. నొక్కుడు తగ్గితే స్టార్టు కాదు, లాగదు, పొగ వస్తుంది. ఇంతవరకూ మెకానిక్ చెప్పింది నిజమే. కానీ ఆ నొక్కుడు రింగుల దగ్గరే పోనక్కర్లేదు. వాల్వు సరిగ్గా కూర్చోకపోయినా పోతుంది, హెడ్ ప్యాకింగ్ కాలినా పోతుంది. నొక్కుడు బాగానే ఉన్నా నాజిల్ సన్నగా చిమ్మకుండా బొట్లు కార్చినా అదే తెల్ల పొగ. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే నల్ల పొగ. ఇంజను ఆయిల్ లోపల కాలుతుంటే నీలం పొగ, అప్పుడు రింగుల మీద అనుమానం ఎక్కువ పెట్టుకోవాలి. అప్పుడు కూడా వాల్వు గైడ్లు అరిగి ఉండొచ్చు, ఆయిల్ గుర్తు దాటి పోసి ఉండొచ్చు. పొగ రంగు చూసి పిస్టన్లు కొనడమంటే దగ్గు విని ఆపరేషన్ చేసినట్టే.

అందుకే మా శాఖలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఖర్చు లేనివి ముందు చూడాలి. ఎయిర్ ఫిల్టరు, దాని నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం, దాని క్లిప్పులు. ఈ గొట్టం పగిలి ఉంటే ఫిల్టరు ఎంత కొత్తదైనా దుమ్ము నేరుగా సిలిండర్లోకే పోతుంది. మా ఎర్ర నేలల్లో నిజంగా బోరుకొచ్చిన ఇంజన్లలో సగం ఈ యాభై రూపాయల క్లిప్పు చంపినవే అని మా నమ్మకం. తర్వాత డీజిల్ ఫిల్టర్లు, పైపుల్లో ఎయిర్ పట్టిందా అన్నది. తర్వాత టాపెట్ సందు, కంపెనీ పుస్తకంలో రాసిన కొలత ప్రకారం, ఫీలర్ గేజీ పెట్టి. వేలికొలతతో కాదు. తర్వాత నాజిళ్లు విప్పి పంపు షాపులో ప్రెషర్ పెట్టించి చూడటం. ఇవన్నీ అయ్యాకే సిలిండరు మీద అనుమానం పెట్టుకోవాలి.

ఆ అనుమానం తీర్చే పరీక్షకు కావలసింది పెద్ద యంత్రమేమీ కాదు, ఎయిర్ కంప్రెషర్. పంక్చర్ షాపులో గాలి పట్టే కంప్రెషరే. పరీక్ష ఇలా చేస్తాం. ముందు బ్యాటరీ వైరు తీసేస్తాం. నాజిళ్లు మూడూ విప్పుతాం. పైన కవరు తీసి, ముందు పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజనును చేత్తో తిప్పుతూ ఒకటో సిలిండరు పిస్టన్ పైకి వచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న చోట ఆపుతాం. ఆ సిలిండరు రాకర్లు రెండూ కొంచెం వదులుగా ఆడుతుంటే సరైన చోటే ఆగినట్టు. పానా తీసేయాలి, ఇది మర్చిపోవద్దు. పిస్టన్ సరిగ్గా పై అంచున లేకపోతే గాలి వదలగానే ఇంజను తిరుగుతుంది, పానా ఎగిరి ముఖానికి తగులుతుంది. బండిని టాప్ గేరులో పెట్టి బ్రేకు లాక్ చేసి, ఫ్యాను దగ్గర చేతులు లేకుండా చూసుకోవాలి. పాత నాజిల్ బాడీకి గాలి గొట్టం నిపుల్ వెల్డింగ్ చేయించి దాన్ని నాజిల్ చోట బిగిస్తాం. రెగ్యులేటరుతో రెండు మూడు కేజీల ప్రెషర్ మెల్లగా వదులుతాం.

ఇక చెవి పెట్టి వినడమే. ఎయిర్ ఫిల్టరు గొట్టంలో బుస్సుమంటే ఇన్లెట్ వాల్వు కారుతోంది. సైలెన్సరులో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటరు మూత తీసి చూస్తే నీళ్లలో బుడగలు వస్తే హెడ్ ప్యాకింగ్ కాలింది, లేదా హెడ్డు పగిలింది. పక్క సిలిండరు నాజిల్ రంధ్రంలోంచి గాలి వస్తే రెండింటి మధ్య ప్యాకింగ్ పోయింది. ఆయిల్ పోసే మూత తీసిన చోట గట్టిగా గాలి తన్నితే అప్పుడు రింగులు, బోరు. అక్కడ కొంచెం గాలి రావడం కొత్త ఇంజనులో కూడా ఉంటుంది. అందుకే మూడు సిలిండర్లూ ఒకదాని తర్వాత ఒకటి చూసి పోల్చుకోవాలి. రెండు బాగుండి ఒకటే బుస్సుమంటే జబ్బు ఆ ఒక్కదానిదే.

మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు మేమంతా మగవాళ్లం ఇంజను చుట్టూ మూగి తలా ఒక మాట అంటుంటే, ట్రాక్టరు గలాయన భార్య సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి, ‘గాలి ఇక్కడ తగులుతోంది కదన్నా, మీరు అక్కడ వింటున్నారేం’ అంది. ఎగ్జాస్ట్ వాల్వు కాలి అంచు విరిగి ఉంది. వాల్వు, హెడ్డు పని, ప్యాకింగ్ అన్నీ కలిపి తొమ్మిది వేల చిల్లరలో పోయింది. ఆ బండికీ అంతకుముందు బోరు పేరే పెట్టారు.

కంప్రెషర్ కొనడంలో మేము చేసిన తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఇంకో శాఖ అదే చేస్తుంది. ఇరవై మూడు మంది తలా వెయ్యి వేసుకున్నాం. అంగట్లో తళతళలాడే రెండు హార్స్‌పవర్, యాభై లీటర్ల ట్యాంకు, ఆయిల్ అక్కర్లేని రకం కొన్నాం. చక్రాలున్నాయి, ఒక్క మనిషి లాక్కుపోవచ్చు. డబ్బా మీద సీఎఫ్ఎం అంకె పెద్దదే ఉంది. తీరా చూస్తే ఎయిర్ గన్నుతో నాలుగు నట్లు విప్పేసరికి ట్యాంకు ఖాళీ. మళ్లీ నిండేదాకా చెవులు మూసుకుని కూర్చోవాలి, అంత రొద. ఫిల్టర్లు ఊదడానికీ, చక్రాలకు గాలికీ సరిపోయేది. మే నెలలో సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు మోటారు వైండింగ్ కాలిపోయింది. వారంటీ అడిగితే వోల్టేజీ మా పూచీ కాదన్నారు.

అప్పుడు తెలిసిందేమంటే డబ్బా మీద అంకె పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ కావచ్చు, అంటే పిస్టన్ ఊడ్చే చోటు లెక్క. గొట్టంలోంచి నిజంగా వచ్చే గాలి దానికంటే పావు వంతో మూడో వంతో తక్కువ ఉంటుంది. అడగాల్సింది ‘ఫ్రీ ఎయిర్ డెలివరీ’ ఎంత అని, ఎంత ప్రెషర్ దగ్గర అని. ఒక హార్స్‌పవర్ మోటారుకు మూడు నాలుగు సీఎఫ్ఎం కంటే ఎక్కువ ఎవరు చెప్పినా నమ్మొద్దు. అర అంగుళం ఎయిర్ గన్నుకు తొంభై పీఎస్ఐ దగ్గర నాలుగైదు సీఎఫ్ఎం కావాలి, రంగు కొట్టే గన్నుకు అంతకు రెట్టింపు దాకా. ట్యాంకు పెద్దదైతే గాలి ఎక్కువ పుట్టదు. పుట్టిన గాలి దాచుకునే చోటు మాత్రం పెరుగుతుంది. నీళ్ల తొట్టి పెద్దది కట్టినంత మాత్రాన బోరులో నీళ్లు పెరగవు కదా.

రెండోసారి హైవే పక్కన మూసేసిన పంక్చర్ షాపు నుంచి పాతది కొన్నాం. రెండు సిలిండర్లు, బెల్టుతో తిరిగేది, ఆయిల్ రకం, మూడు హార్స్‌పవర్, నూట అరవై లీటర్ల ట్యాంకు. బెల్టు రకం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వేడి తక్కువ, రొద తక్కువ. రింగులు, వాల్వు పట్టీలు మన లేత్ షాపులోనే మార్చుకోవచ్చు. పాతది కొనేటప్పుడు చేసే పరీక్ష ఇది: ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గడియారం పెట్టి, ఏడు కేజీలు చేరడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. ట్యాంకు లీటర్లను ఏడుతో గుణించి నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి వస్తోందో తేలుతుంది. మాది 160 లీటర్లు, ఏడుతో గుణిస్తే 1120. అయిదు నిమిషాల్లో నిండింది, అంటే నిమిషానికి 224 లీటర్లు. ఒక సీఎఫ్ఎం అంటే 28 లీటర్ల పైచిలుకు, కాబట్టి దాదాపు ఎనిమిది సీఎఫ్ఎం. అదే పది నిమిషాలు పట్టి ఉంటే సగం చచ్చిన మిషను అన్నమాట, బేరం సగానికి తేవాలి లేదా లేచి రావాలి.

ట్యాంకు విషయంలో మాత్రం బేరం లేదు. కింద డ్రెయిన్ మర విప్పితే ఎర్రటి తుప్పు నీళ్లు ధారగా వచ్చినా, ట్యాంకు మీద అతుకు వెల్డింగ్ కనబడినా ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు. అది పేలితే షెడ్డు ఉండదు. ట్యాంకును నీళ్లతో నింపి, నడిపే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టి పరీక్ష చేయించుకోవాలి. గాలితో ఆ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు. సేఫ్టీ వాల్వు పని చేయాలి, ప్రెషర్ చేరగానే మోటారు దానంతటదే ఆగాలి, బెల్టుకు జాలీ ఉండాలి. రోజూ సాయంత్రం డ్రెయిన్ మర విప్పి నీళ్లు వదలాలి. పొలంలో మిగిలిన పీవీసీ పైపులతో గాలి లైను వేయొద్దు, అది చీలితే కత్తిలా ఎగురుతుంది. పిల్లలు గాలి గొట్టంతో ఒంటి మీద ఆడుకుంటారు, చూసి నవ్వొద్దు, లాక్కోండి. ఇక కరెంటు సంగతి: మోటారు బోరు ఉచిత కరెంటు లైనుకు కొక్కెం తగిలించి వర్క్‌షాపు నడపకూడదు. వేరే కనెక్షన్ తీసుకోవాలి. ఊరి చివర వోల్టేజీ నిలవని చోట కంప్రెషరును పాత ఆయిలింజనుకు బెల్టు వేసి తిప్పుకోవడం మేలు.

కంప్రెషర్ వచ్చాక దాని మొదటి పని రిపేరు కాదు, రిపేరు రాకుండా చూడటం. పొడి రకం ఎయిర్ ఫిల్టరును లోపలి నుంచి బయటికి ఊదాలి, రెండు కేజీల ప్రెషర్ దాటకూడదు. బయట నుంచి గట్టిగా ఊదితే దుమ్ము కాగితంలోకి దిగిపోతుంది, కాగితం చిరుగుతుంది. రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న గడ్డిని కూడా ఫ్యాను వైపు నుంచి ముందుకు ఊదాలి. మా బోరు నీళ్లు రేడియేటర్లో పోస్తే లోపల తెల్లటి సున్నం పేరుకుంటుంది, ఇంజను వేడెక్కి ప్యాకింగ్ కాలుతుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకుని కూలెంట్ కలిపి పోస్తున్నాం.

పాతదంతా బంగారమని మేము అనడం లేదు. క్రాంకు గీతలు పడి, బ్లాకు పగిలి, గేరుబాక్సు కూడా అరుస్తుంటే దానికి దండం పెట్టి స్పేరు పార్టుల కింద అమ్మేయడమే మంచిది. మా షెడ్డుకు వచ్చిన పదకొండు బండ్లలో రెండు అలాంటివే. మూడింటికి నిజంగానే బోరు చేయించాల్సి వచ్చింది. మిగతా ఆరు తక్కువ ఖర్చుతో లేచాయి. పదకొండు బండ్లతో జిల్లా లెక్క చెప్పలేం. కానీ ఆ ఆరుగురు రైతులూ ఎక్స్ఛేంజి మేళాకు పోయి ఉంటే ఆరు కొత్త అప్పులు పుట్టేవి.

ఇక్కడే ప్రభుత్వాన్ని అడగాల్సింది ఉంది. 2014-15 నుంచి వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ నడుస్తోంది. కొత్త యంత్రం కొంటే సబ్సిడీ, అద్దె యంత్రాల కేంద్రం పెడితే సబ్సిడీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే, కాదనం. ఉన్న యంత్రాన్ని బాగు చేసుకునే రైతుకు మాత్రం సబ్సిడీ ఏది? హెడ్డు పనికి బ్యాంకు అప్పు ఇవ్వదు, కొత్త బండికి ఇంటికొచ్చి ఇస్తారు. అద్దె కేంద్రాలకు ఇచ్చే డబ్బులో ఒక వాటా ఊరి వర్క్‌షాపుకు, అంటే కంప్రెషర్, టార్క్ రెంచి, నాజిల్ టెస్టరు వంటి వాటికి ఇవ్వాలి.

రెండోది, రిపేరు హక్కు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద కమిటీ వేసింది. అది చూడాల్సిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచారు. పోర్టల్ సరే, చట్టం కావాలి. ఈ మాట ఎందుకంటే మన చిన్న బండ్ల డీజిల్ పంపు ఇంకా పానాతో విప్పగలిగేదే. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు బిగించాక వాటిలో కంప్యూటరు పెట్టెలు వచ్చాయి. ఆ పెట్టె ఏం చెబుతోందో కంపెనీ లాప్‌టాప్‌కే తెలుస్తుంది. అమెరికాలో రైతులు ఈ గొడవ ఏళ్ల తరబడి పడ్డారు. చివరికి కొలరాడో రాష్ట్రంలో 2023లో చట్టం తెచ్చుకున్నారు, 2024 జనవరి 1 నుంచి అమలవుతోంది. ట్రాక్టరు కంపెనీలు రిపేరు పుస్తకాలు, పార్టులు, పరీక్ష సాధనాలు రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాలని అందులో ఉంది. పెట్టె మన చిన్న బండ్లలోకి వచ్చాక మేల్కొంటే ఏం లాభం? ఇప్పుడే అడగాలి. పార్టుల పుస్తకం ధరలతో సహా తెలుగులో ఇవ్వాలి. మోడల్ ఆపేసిన తర్వాత కూడా ఇన్నేళ్లు పార్టులు దొరకాలని గడువు పెట్టాలి.

మూడోది మన చేతిలోనే ఉంది. గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వానిది. వేరే రాష్ట్రాల వాళ్లు రైలెక్కి వచ్చి నేర్చుకుపోతుంటే మన పిల్లల్లో చాలామందికి దాని బోర్డు తప్ప లోపల ఏముందో తెలియదు. ప్రతి మండల శాఖా ఇద్దరు పిల్లలను, వీలైతే ఒక ఆడపిల్లను, శిక్షణకు పంపాలని జిల్లా కమిటీలో తీర్మానం పెడుతున్నాం.

మా షెడ్డు ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున ఏడింటికి తెరుస్తాం. బండి తెచ్చేవాళ్లు ముందురోజే ఇంజను కడిగి, దుమ్ము లేకుండా తీసుకురండి. కంపెనీ పుస్తకం ఉంటే తప్పకుండా వెంట తెండి. పాత నాజిల్ బాడీలు, ఏ మోడల్‌వైనా సరే, పాత ఇనుము వాడికి వెయ్యకుండా మాకివ్వండి. ఒక్కో ఇంజనుకు ఒక్కో నిపుల్ చేసుకోవాలి, మా దగ్గర ఇంకా మూడు రకాలే ఉన్నాయి.